లాసెట్ గట్టెక్కితే సరిపోదు: పల్లె విద్యార్థులకు లా చదువులో చిక్కులు

వెంకటాచలం :

మండలంలోని చవటపాలెంలో పుట్టి, నెల్లూరు వి.ఆర్. కాలేజీలో డిగ్రీ పూర్తిచేసి, విశాఖపట్నం పోయి ఆంధ్ర విశ్వవిద్యాలయంలో లా పట్టా పుచ్చుకున్న ముప్పవరపు వెంకయ్యనాయుడు 2017లో దేశానికి ఉపరాష్ట్రపతి అయిన సంగతి ఈ ప్రాంతంలో అందరికీ విదితమే. ఆయన కోర్టులో వాదించి పేరు తెచ్చుకున్నవారు కారు. 1972 జై ఆంధ్ర ఉద్యమం మీదుగా రాజకీయాలలోకి పోయారు. అయినా పల్లె నుంచి వెళ్ళి లా చదవవచ్చునని చెప్పడానికి ఇంతకంటే దగ్గరి ఉదాహరణ లేదు. ఆయన చదివిన నాటికి లాసెట్ అనే పరీక్ష లేదు. నేడు లా కాలేజీ గేటు దాటాలంటే ప్రవేశ పరీక్ష రాయక తప్పదు. విచిత్రమేమిటంటే, ఆ పరీక్షలో ఉత్తీర్ణులు కావడం ఏమంత కష్టం కాదు. కష్టమంతా దానికి ముందూ, దానికి వెనుకా ఉన్నది. ఆ సంగతి తెలియకనే చాలా మంది పల్లె విద్యార్థులు నష్టపోతున్నారు.

ఈ మండలానికి చట్టం తెలిసినవారి అవసరం తక్కువేమీ కాదు. జాతీయ రహదారి ఊళ్ళ మధ్యగా పోతున్నది. కృష్ణపట్నం రేవు 2008లో పని మొదలుపెట్టింది. ఓబులవారిపల్లె–వెంకటాచలం రైలు మార్గం 2019లో ప్రారంభమయింది. రోడ్డు, రేవు, రైలు ఏది వచ్చినా ముందు పోయేది రైతు భూమి; పరిహారం లెక్క చూసుకోవడానికి 2013 భూసేకరణ చట్టం చదవగలవాడు ఊరికొకడు కావాలి. తీరం వెంబడి రొయ్యల గుంటల సంగతి సరేసరి. ఉప్పునీటి సాగు మీద సుప్రీం కోర్టు 1996 డిసెంబరులో ఇచ్చిన జగన్నాథ్ కేసు తీర్పు నెల్లూరు తీరాన్ని కూడా తాకింది. రాష్ట్రంలో 2022లో చేసిన భూ హక్కుల చట్టం మీద వకీళ్ళు కోర్టులు బహిష్కరించారు. 2024లో ఆ చట్టం రద్దయింది. అది అమలులో ఉన్న కొన్ని నెలలూ దానిలో ఏమున్నదో తెలియక అడంగల్, పాసు పుస్తకం చేతపట్టుకుని పట్నం దారి పట్టిన రైతులకు ఊళ్ళోనే చెప్పగలవాడుంటే ఎంత మేలు జరిగేదో వేరే చెప్పనక్కరలేదు.

లా చదువుకు దారులు రెండు. ఇంటర్మీడియట్ తర్వాత అయిదేళ్ళ కోర్సు ఒకటి, డిగ్రీ తర్వాత మూడేళ్ళ కోర్సు రెండవది. రాష్ట్రంలోని కాలేజీలలో ఈ రెండింటికీ లాసెట్ రాయాలి. 2025లో ఉన్నత విద్యా మండలి తరఫున తిరుపతి శ్రీ పద్మావతి మహిళా విశ్వవిద్యాలయం దీనిని జరిపింది. ప్రశ్నలు 120, వ్యవధి గంటన్నర. తప్పుకు మార్కు కోత లేదు. ప్రశ్నపత్రం ఇంగ్లీషుతో పాటు తెలుగులోనూ ఉంటుంది. రాయడం కాగితం మీద కాదు, కంప్యూటరు మీద. మౌసు చేతబట్టని విద్యార్థి ముందుగా ఒకటి రెండుసార్లు మాదిరి పరీక్ష రాసి చూసుకోవడం అవసరం. 2024లో రుసుము ఓసీలకు 900 రూపాయలు, బీసీలకు 850, ఎస్సీ, ఎస్టీలకు 800 రూపాయలుగా ఉన్నది.

దరఖాస్తుకు ముందు తేల్చుకోవలసిన ముఖ్య విషయం ఒకటున్నది. అయిదేళ్ళ కోర్సుకు ఇంటర్‌లోను, మూడేళ్ళ కోర్సుకు డిగ్రీలోను ఓసీలకు 45 శాతం, బీసీలకు 42, ఎస్సీ, ఎస్టీలకు 40 శాతం మార్కులుండాలి. ఇది చాలా మందికి తెలుసు. తెలియనిదల్లా ఓపెన్ చదువుల సంగతి. పదవ తరగతి, ఇంటర్ పాసయి, ఆ తర్వాత దూరవిద్యలో డిగ్రీ చేసినవారికి అడ్డు లేదు. ఇంటర్ చదవకుండానే ఓపెన్ యూనివర్సిటీలో నేరుగా డిగ్రీ పుచ్చుకున్నవారికి మాత్రం బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా 2008 నిబంధనల ప్రకారం లా ప్రవేశం లేదు. చదువు మధ్యలో మాని, పొలం పనులలో పడి, పెళ్ళయ్యాక ఓపెన్ డిగ్రీ తెచ్చుకున్నవారు పల్లెలలో ఎందరో. వారు పరీక్ష రాయవచ్చు, ర్యాంకూ రావచ్చు. తీరా కౌన్సెలింగులో సర్టిఫికెట్లు చూసిన రోజున లేదు పొమ్మంటారు. రుసుము కట్టక ముందే ఈ సంగతి చూసుకోవాలి.

ఇక చదవవలసినది. ప్రశ్నలలో 30 సాధారణ జ్ఞానం, తర్కం మీద. 30 వర్తమాన వ్యవహారాల మీద. మిగిలిన 60 లా చదవడానికి గల అభిరుచి మీద. అంటే సగం మార్కులు ఈ మూడవ భాగానివే. వర్తమాన వ్యవహారాలకు దినపత్రికను మించిన పుస్తకం లేదు. గ్రంథాలయంలో సంవత్సరం పాటు రోజూ గంటసేపు పత్రిక చదివి, ముఖ్యమైన వాటిని నోటు పుస్తకంలో రాసుకున్న విద్యార్థికి కోచింగుతో పనిలేదు. మూడవ భాగానికి రాజ్యాంగం ప్రధానం. తెలుగు ప్రతి లభిస్తున్నది. ప్రాథమిక హక్కులు, ఆదేశిక సూత్రాలు, రాష్ట్రపతి, గవర్నరు, పార్లమెంటు, సుప్రీం కోర్టు, హైకోర్టుల అధికారాలు, సవరణలు బాగా చూడాలి. ఆర్థికంగా వెనుకబడిన వర్గాలకు 10 శాతం రిజర్వేషన్ ఇచ్చిన 2019 నాటి 103వ సవరణ, చట్టసభలలో మహిళలకు మూడవ వంతు స్థానాలు ఉద్దేశించిన 2023 నాటి 106వ సవరణ వంటివి పరీక్షలవారికి ఇష్టమైన అంశాలు.

కంఠస్థం చేసినంత మాత్రాన రానివి మరికొన్ని ప్రశ్నలున్నాయి. సూత్రం ఒకటి చెప్పి, సంగతి ఒకటి చెప్పి, తీర్పేమిటని అడుగుతారు. మాటకు, 'పశువు పరాయి పొలంలో పడి చేసిన నష్టానికి దాని యజమానిదే బాధ్యత' అన్నది సూత్రమనుకుందాం. ఒక రైతు గేదెను గుంజకు గట్టిగానే కట్టాడు. దారిన పోయే ఆకతాయి పలుపు విప్పి తోలాడు. గేదె పక్క రైతు వరి మడి మేసింది. పరిహారం ఎవరు ఇవ్వాలి? రచ్చబండ మీద పెద్దమనుషులైతే గేదె రైతు తప్పేముందని సగం సగం చేసి పంపుతారు. పరీక్షలో అది చెల్లదు. ఇచ్చిన సూత్రంలో మినహాయింపు లేదు గనుక యజమానే ఇవ్వాలి. అదే సూత్రానికి 'మూడవ వ్యక్తి చేష్ట వల్ల జరిగితే తప్ప' అన్న ముక్క చేరిస్తే జవాబు తారుమారవుతుంది. విద్యార్థి తన మనసుకు న్యాయమనిపించినది పక్కన పెట్టి, ఇచ్చిన సూత్రంలోని ప్రతి మాటకూ కట్టుబడడం నేర్చుకోవాలి. మరొకటి: 17 ఏళ్ళ కుర్రవాడు తన వాటాకు వచ్చిన రొయ్యల గుంటను లీజుకిచ్చి అడ్వాన్సు పుచ్చుకున్నాడు. ఆ ఒప్పందం చెల్లుతుందా? 1872 కాంట్రాక్టు చట్టం ప్రకారం మైనరు ఒప్పందం చేసుకోలేడు. చేసినా అది మొదటి నుంచీ చెల్లనిదేనని మైనరు తాకట్టు పెట్టిన మొహరీ బీబీ కేసులో ప్రివీ కౌన్సిల్ 1903లో తేల్చింది. పల్లెలో పెరిగినవారికి ఇటువంటి తగాదాలు కొత్త కాదు. గట్టు తగాదా, బోదె నీళ్ళు, భాగపంపకాలు, ప్రోనోటు బాకీలు ఇంట్లో వినివిని ఉంటారు. పట్నం పిల్లలు పుస్తకంలో చదివి ఊహించుకోవలసినది వీరికి కళ్ళెదుటిదే. ఈ అనుకూలతను వాడుకున్నవారు తక్కువ.

పాత పుస్తకాల విషయంలో జాగ్రత్త అవసరం. సీనియర్ల దగ్గర తెచ్చుకున్న గైడ్లలోను, పాత పుస్తకాల అంగళ్ళలో దొరికేవాటిలోను ఇండియన్ పీనల్ కోడ్, క్రిమినల్ ప్రొసీజరు కోడ్, సాక్ష్య చట్టమే ఉంటాయి. 2024 జూలై 1 నుంచి వాటి స్థానంలో భారతీయ న్యాయ సంహిత, భారతీయ నాగరిక సురక్షా సంహిత, భారతీయ సాక్ష్య అధినియం వచ్చాయి. హత్యకు శిక్ష చెప్పే సెక్షను 302 ఇప్పుడు 103. జనం నోట సామెతగా మారిన 420 ఇప్పుడు 318లో చేరింది. పాత సెక్షన్లు వల్లించి పోయినవారికి నష్టం తప్పదు. రెండు సెక్షన్లూ పక్కపక్కన రాసుకుని చదవడం మేలు. కోర్టులలో పాత కేసులు పాత చట్టం కిందనే ఇంకా నడుస్తున్నందున పాతదీ వ్యర్థం కాదు.

లాసెట్‌లో అర్హత మార్కు 35 శాతం, అంటే 120కి 42. ఎస్సీ, ఎస్టీ అభ్యర్థులకు కనీస మార్కుల నిబంధనే లేదు. ఈ ప్రాంతపు యానాది కుటుంబాల నుంచి డిగ్రీ దాకా వచ్చిన పిల్లలకు ఈ సంగతి చెప్పేవారుండాలి; పరీక్ష హాలుకు పోయి రాస్తే ర్యాంకు వస్తుంది. చిక్కల్లా ఇక్కడే మొదలవుతున్నది. 42 వస్తే చాలునని చదివినవాడికి 42కు తగిన ర్యాంకే వస్తుంది. ఆ ర్యాంకుకు మిగిలేది ఎక్కడో దూరాన, పాఠాలు సరిగా జరగని కాలేజీ. బార్ కౌన్సిల్ నిబంధనల ప్రకారం ప్రతి సబ్జెక్టులోనూ 70 శాతం హాజరుండాలి. అయితే క్లాసుకు రానక్కరలేదు, పరీక్షలకు వస్తే చాలునని చెప్పి చేర్చుకునే కాలేజీలున్నాయన్నది బహిరంగ రహస్యం. ఉద్యోగం చేసుకుంటూ పట్టా కావాలనుకునేవారికి అది అనుకూలంగానే కనిపించవచ్చు. వకీలు వృత్తినే నమ్ముకుని బతకదలచిన పల్లె యువకుడికి మాత్రం అది నిలువునా మోసం. తండ్రి ప్లీడరు అయితే కొడుకు ఇంట్లో నేర్చుకుంటాడు. తండ్రి రైతో, కూలీయో అయినప్పుడు నేర్పవలసినది కాలేజీ ఒక్కటే. కనుక పల్లె విద్యార్థి పాసు కోసం కాక ర్యాంకు కోసమే చదవాలి.

మంచి కాలేజీ ఎక్కడ అంటే, స్థానికత లెక్క చూడాలి. 1974 రాష్ట్రపతి ఉత్తర్వుల ప్రకారం నెల్లూరు జిల్లా శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయ ప్రాంతంలోనిది. ఆ ప్రాంతపు కాలేజీలలో 85 శాతం సీట్లు స్థానికులకే. తిరుపతిలో సీటుకు నెల్లూరు విద్యార్థి స్థానికుడు, విశాఖపట్నంలో సీటుకు మాత్రం పై ఊరివాడు. అక్కడ మిగిలిన 15 శాతంలో పోటీ పడాలి. వెంకయ్యనాయుడి కాలానికి ఈ గీత లేదు. అర్హత పరీక్షకు ముందు వరుసగా నాలుగేళ్ళు ఎక్కడ చదివారన్నది స్థానికతకు ఆధారం. సరిహద్దు జిల్లా కావడంతో ఇక్కడి పిల్లలు ఇంటర్‌కు చెన్నై పోవడం మామూలే. అటువంటివారు తమ స్థానికత ఏమవుతుందో ముందే విచారించుకోవాలి. కాకుటూరులో 2008లో ఏర్పడిన విక్రమ సింహపురి విశ్వవిద్యాలయం మండలంలోనే ఉన్నది గనుక లా కాలేజీ కూడా ఊరి దగ్గరే వస్తే బాగుండునని అనుకునేవారుండవచ్చు. అయితే కొత్త లా కాలేజీలకు మూడేళ్ళ పాటు అనుమతి ఇవ్వబోమని బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా 2025 ఆగస్టులో ప్రకటించింది. సమీప కాలంలో పట్నం పోక తప్పదు. ఆడపిల్లలకు ప్రతి కేటగిరీలోనూ మూడవ వంతు సీట్లున్నాయి. హాస్టలున్న కాలేజీ చూసుకుంటే, దూరమన్న కారణంగా చదువు మాన్పించవలసిన అగత్యం ఉండదు.

లాసెట్‌కు పైన మరో పరీక్ష ఉన్నది. దాని పేరు క్లాట్. విశాఖపట్నంలోని దామోదరం సంజీవయ్య జాతీయ న్యాయ విశ్వవిద్యాలయం, హైదరాబాదులోని నల్సార్ వంటి సంస్థలలో అయిదేళ్ళ కోర్సుకు ఇదే దారి. సంజీవయ్య తెలుగువాడు, పేద దళిత కుటుంబం నుంచి లా చదివి 1960లో ముఖ్యమంత్రి అయినవాడు. ఆయన పేరున్న విశ్వవిద్యాలయంలో ప్రవేశానికి పెట్టిన పరీక్ష మాత్రం ఇంగ్లీషులో తప్ప తెలుగులో లేకపోవడం ఆలోచించవలసిన విషయం. క్లాట్‌ను ప్రాంతీయ భాషలలోనూ జరపాలని కోరుతూ 2023లో ఢిల్లీ హైకోర్టులో వ్యాజ్యం పడింది. బార్ కౌన్సిల్ కూడా అందుకు సానుకూలంగానే చెప్పింది. 2025 డిసెంబరు 7న జరిగిన పరీక్ష ఇంగ్లీషులోనే జరిగింది. 120 ప్రశ్నలకు రెండు గంటలు. పేజీల కొద్దీ ఇంగ్లీషు చదివి జవాబివ్వాలి. తప్పుకు పావు మార్కు కోత. రుసుము సాధారణ అభ్యర్థులకు 4,000 రూపాయలు, ఎస్సీ, ఎస్టీలకు 3,500. లాసెట్‌కు నాలుగింతలు. పేద పిల్లలను ఈ విశ్వవిద్యాలయాలకు పంపడం కోసం షంనాద్ బషీర్ అనే న్యాయ శాస్త్ర ఆచార్యుడు 2010లో ఐడియా అనే సంస్థను స్థాపించారంటే, అడ్డుగోడ ఎంత ఎత్తున ఉన్నదో ఊహించవచ్చు.

ఇంగ్లీషు కంటే ముందుగా దెబ్బ తీసేది కాలం. క్లాట్ జరిగేది డిసెంబరులో, ఇంటర్ రెండవ సంవత్సరం మధ్యలో. దరఖాస్తు గడువు శరదృతువులోనే ముగుస్తుంది. పల్లె విద్యార్థి వార్షిక పరీక్షలు రాసి, వేసవి సెలవులలో ఏం చదువుదామని ఆలోచించే నాటికి ఆ పరీక్ష అయిపోయి నెలలు గడుస్తాయి. కనుక ఆ ఆలోచన ఇంటర్ మొదటి సంవత్సరంలోనే రావాలి. చెప్పవలసినది కాలేజీ లెక్చరర్లు. ఎంపీసీ, బైపీసీలకు ఇచ్చే సలహాలో పదవ వంతు సీఈసీ, హెచ్ఈసీ విద్యార్థులకు ఇచ్చినా చాలు.

లాసెట్ తెలుగులో రాసి చేరినవాడికి ఆ తర్వాతయినా ఇంగ్లీషు తప్పదు. పాఠ్యగ్రంథాలు, తీర్పులు చాలా వరకు ఆ భాషలోనివే. మొదటి సంవత్సరంలో డీలాపడి మానేసేవారికి ఒక్క మాట చెప్పవచ్చు. కృష్ణా జిల్లా పొన్నవరంలో రైతు కుటుంబంలో పుట్టిన జస్టిస్ ఎన్.వి. రమణ 2021లో భారత ప్రధాన న్యాయమూర్తి అయ్యారు. తాను ఇంగ్లీషు నేర్చుకున్నది ఎనిమిదవ తరగతిలోనని ఆయన ఆ ఏడాది సుప్రీం కోర్టులోనే చెప్పారు. ఇంకొక వింత ఉన్నది. పట్టా వచ్చాక రాయవలసిన అఖిల భారత బార్ పరీక్షను తెలుగులోనూ రాయవచ్చు. కింది కోర్టులలో సాక్షి చెప్పేది తెలుగే. 2023 జూన్‌లో తెలంగాణ హైకోర్టు ఒక ఆస్తి తగాదాలో తెలుగులో తీర్పు ఇచ్చింది. వృత్తిలో రెండు భాషలకూ చోటున్నది. ఉన్నత విద్యాలయపు గుమ్మం దగ్గర మాత్రం ఒకటే అడుగుతున్నారు.

ర్యాంకు కార్డు చేతికి వచ్చాక సహనం పరీక్షకు నిలుస్తుంది. ఫలితాలకు, కౌన్సెలింగుకు నడుమ నెలలు గడచిన సంవత్సరాలున్నాయి. ఈలోగా ఖాళీగా ఎందుకని పిల్లవాణ్ణి డిగ్రీ కాలేజీలో చేర్పించి ఒరిజినల్ సర్టిఫికెట్లు, టీసీ అక్కడ ఇచ్చేస్తారు. లా సీటు వచ్చిన రోజున వాటిని విడిపించుకోవడానికి కట్టిన ఫీజు వదులుకోవలసి వస్తుంది. ఆరవ తరగతి నుంచి ఇంటర్ దాకా స్టడీ సర్టిఫికెట్లు, కుల, ఆదాయ ధ్రువపత్రాలు సచివాలయంలో ముందుగానే తీసి ఉంచుకోవాలి. ఈడబ్ల్యూఎస్ పత్రం ఆ ఆర్థిక సంవత్సరానికే చెల్లుతుంది, నిరుటిది పనికిరాదు. పదవ తరగతి మార్కుల జాబితాలో ఇంటిపేరు ఒక విధంగా, ఆధారులో మరొక విధంగా ఉంటే ఇప్పుడే సరిచేయించాలి. ఫీజు రీయింబర్స్‌మెంటు సాధారణంగా కన్వీనరు కోటా సీట్లకే వర్తిస్తుంది. ర్యాంకు లేక మేనేజిమెంటు కోటాలో చేరినవారు ఆ ఆశ పెట్టుకోరాదు. ర్యాంకు కోసం చదవాలనడానికి ఇదొక కారణం.

పట్టా పుచ్చుకున్నాక బార్ కౌన్సిల్‌లో పేరు నమోదు చేసుకోవాలి. దీనికి ఒకప్పుడు రాష్ట్రానికొక విధంగా వేలకు వేలు వసూలు చేసేవారు. న్యాయవాదుల చట్టంలో ఉన్న 750 రూపాయలకు, ఎస్సీ, ఎస్టీలకు 125 రూపాయలకు మించి తీసుకోరాదని సుప్రీం కోర్టు 2024 జూలై 30న తీర్పు చెప్పింది. పల్లెవారికి ఇది పెద్ద ఊరట. ఆ తర్వాత సీనియరు దగ్గర జూనియరుగా గడిపే రెండు మూడేళ్ళలో వచ్చేది బస్సు ఛార్జీలకు సరిపోతే గొప్ప. రాష్ట్ర ప్రభుత్వం 2019లో జూనియర్ న్యాయవాదులకు నెలకు 5,000 రూపాయల పథకం పెట్టిందంటేనే ఆ ఇబ్బంది ఎటువంటిదో తెలుస్తున్నది. లా చదివించదలచిన తండ్రి అయిదేళ్ళకు కాక ఎనిమిదేళ్ళకు లెక్క వేసుకోవాలి.

పోతే, లా పూర్తికాగానే జూనియర్ సివిల్ జడ్జి పరీక్ష రాసి జడ్జి కావచ్చునన్న ఆశతో చేరేవారున్నారు. ఆ పరీక్షకు కనీసం మూడేళ్ళు న్యాయవాదిగా పనిచేసి ఉండాలని సుప్రీం కోర్టు 2025 మే 20న తీర్పు ఇచ్చింది. ఆ మూడేళ్ళు లెక్కించేది బార్ పరీక్ష పాసయిన నాటి నుంచి కాదు, తాత్కాలికంగా పేరు నమోదయిన నాటి నుంచి. కాబట్టి చివరి పరీక్షల ఫలితాలు వచ్చిన నెలలోనే నమోదుకు దరఖాస్తు పెట్టుకోవాలి. ఆలస్యం చేసిన ప్రతి నెలా ఆ లెక్కలో పోయినట్లే.